తల తోక కలిసిన నాగు

"అయిదు నిమిషాలే. ఆ తర్వాత మీరూ, మీ భూతద్దమూ బయటికి" అన్నాడు ఎస్సై దుర్గాప్రసాద్.

భూతద్దం నేనెప్పుడూ వాడలేదు. దేవుడిచ్చిన కళ్ళు చాలు, అవి ఆ స్టేషన్లో ఉన్న కళ్ళన్నిటికంటే మంచివని నా నమ్మకం. ‘మంగతాయారు, ప్రైవేట్ డిటెక్టివ్’ అని అమలాపురంలో బోర్డు కట్టిన రోజున ఇదే దుర్గాప్రసాద్ దాని కింద నిలబడి టీ తాగుతూ నవ్వాడు. నవ్వనీ. గల్ఫ్ పెళ్ళికొడుకు అక్కడ నిజంగా ఏం వెలగబెడుతున్నాడో తెలుసుకోవాలంటే ఇవాళ వాళ్ళ డిపార్టుమెంటు వాళ్ళు కూడా నా మెట్లే ఎక్కుతున్నారు.

ఆ ఉదయం నా మెట్లెక్కింది ముక్తేశ్వరం నుంచి వచ్చిన సత్యదుర్గ. భర్త వీరబాబు కువైట్‌లో డ్రైవరు, సెలవు మీద ఇంటికి వచ్చాడు. అతన్ని తెల్లవారగానే హత్య కేసులో అరెస్టు చేశారు. రేపు కోర్టులో పెడతారు. ఒక్కసారి రిమాండుకి వెళితే కువైట్ ఉద్యోగం సంగతి అలా ఉంచి, ఖూనీకోరన్న పేరు ఆ ఇంటికి అంటుకుపోతుంది. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళే ఎక్కువ. సత్యదుర్గ ఏడవలేదు.

"ఆయన్ని విడిపించమని అడగట్లేదండి. చెయ్యలేదని నలుగురి ముందూ తేల్చమంటున్నాను. ఆ రెండూ ఒకటి కాదు గదండీ" అంది.

ఆ మాటకే నేను కేసు తీసుకున్నాను. ఫీజు ఊసు ఎత్తలేదు.

జరిగింది ఇదీ. రెండు వారాల కిందట, మధ్యాహ్నం భోజనాల వేళ, నారాయణమూర్తిగారనే పెద్ద రైతుని ఆయన కొబ్బరి షెడ్డులోనే ఎవరో వెనకనుంచి మెడకు తాడు బిగించి చంపేశారు. భోజనానికి పిలుద్దామని వచ్చిన భార్య పార్వతమ్మగారు కిటికీలోంచి చూశారు. హంతకుడి మొహం కనపడలేదు. కనపడింది ఒక కుడిచెయ్యి. మోచేతి కింద కడియంలా చుట్టుకున్న నల్లని నాగుపాము. ఆవిడ అక్కడికక్కడే కుప్పకూలిపోయారు. మాట పోయి కాకినాడ ఆసుపత్రిలో ఉండి, ఇంటికి వచ్చాక నిన్ననే నోరు తెరిచి ఆ చెయ్యి సంగతి చెప్పారు. అలాంటి పచ్చబొట్టు ఆ చుట్టుపట్ల ఒక్క వీరబాబుకే ఉంది. దుర్గాప్రసాద్‌కి ఇంకేం కావాలి?

వీరబాబు లాకప్ ఊచల్లోంచి చెయ్యి చాపాడు. నిదానంగా తిప్పి చూశాను. ఆ పచ్చబొట్టు కువైట్‌లో తనతో పనిచేసే ఫిలిప్పీన్ కుర్రాడు పొడిచాడట. పొలుసులు పొలుసులుగా మంచి పనితనం. పైకి చూస్తే పూర్తి కడియమే. చెయ్యి వెల్లకిలా తిప్పిస్తే మాత్రం, ఒంటికి ఆనుకుని ఉండే లోపలి వైపున, పాము తలకీ తోకకీ మధ్య రెండు వేళ్ళు పట్టేంత చోటు ఖాళీగా ఉంది.

"ఇక్కడ ఎందుకు ఆపించేరు?" అని అడిగాను.

"తల, తోక కలవకూడదు గదండీ. మా అమ్మకి సర్పి వచ్చినప్పుడు ఇంట్లో అందరికీ అదే భయం. అందుకని వాణ్ణి అక్కడితో ఆపేమన్నానండి. వాడు నవ్వేడు. నవ్వితే నవ్వేడండి, మన భయం మనది."

సర్పి అంటే ఒంటి మీద పొక్కులు పాములా పాకుతూ వచ్చే జబ్బు. అది మనిషిని చుట్టేసి తల తోక కలిసిందంటే ప్రాణం దక్కదని మా వైపు నమ్మకం. నిజమా అబద్ధమా అన్నది డాక్టర్ల గొడవ. ఆ భయం లేని ఇల్లు మాత్రం కోనసీమలో నాకు కనపడలేదు.

ఇంకొక్కటి అడిగాను. హత్య జరిగిన రెండో రోజునే కువైట్ ఫ్లైటుకి టికెట్ ఉందట కదా, ఎందుకు వెళ్ళలేదని. నారాయణమూర్తిగారే తన మొదటి వీసాకి సాయం చేశారని, ఆయన దినవారాలు కాకుండా కదలనని టికెట్ వాయిదా వేయించుకున్నాడట. పాడె కూడా మోశాడు. దుర్గాప్రసాద్ ఇది విని, హంతకులు పాడె మొయ్యడం తన సర్వీసులో మామూలే అన్నాడు.

ఆ ఖాళీ చోటు చూపించాను. అతను ఒంగి చూశాడు, భుజాలెగరేశాడు.

"కళ్ళ ముందు మొగుడి ప్రాణం పోతుంటే ఆవిడ రెండు వేళ్ళ ఖాళీ చూస్తుందంటారా?"

"చూసేరో లేదో ఆవిణ్ణే అడుగుదాం."

"అడగండి. నేనూ వస్తాను. మీరు సాక్షిని తిప్పేస్తే నా కేసు ఏం గాను?" అన్నాడు.

బయట సత్యదుర్గ తమ్ముడు నాగసతీష్ ఆటోలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజంతా మమ్మల్ని తిప్పే పని అతనిదే. బావ ఏమైనా తిన్నాడా అని అక్కని అడిగాడు. లేదని ఆవిడ చెబితే తలొంచుకుని ఆటో స్టార్ట్ చేశాడు. దుర్గాప్రసాద్ తన మోటార్ సైకిల్ మీద మా వెనకే వచ్చాడు.

పార్వతమ్మగారు అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నారు. మనిషి సగమైపోయినా మాటలో బిగువు తగ్గలేదు. వీరబాబు భార్యను వాకిట్లో చూసి మొహం తిప్పుకోలేదు, లోపలికి రమ్మననూ లేదు. నేను ఓదార్పు మాటలతో కాలయాపన చెయ్యలేదు. ఆ చెయ్యి ఎటు తిరిగి ఉందో చూపించమన్నాను. ఆవిడ తన చెయ్యే ఎత్తి, మోచెయ్యి మడిచి, పిడికిలి చెవి దాకా తెచ్చి చూపించారు. తాడు రెండు కొసలూ పట్టి వెనక్కి లాగే భంగిమ అది. లోపలి వైపు సరిగ్గా నా మొహానికి ఎదురుగా ఉంది.

"పాము తల ఎక్కడుందండీ?"

ఆవిడ వేలితో తాకి చూపించారు. వీరబాబు చేతి మీద ఖాళీ ఉన్న చోటే.

"తోకని నోట కరుచుకుని ఉందమ్మా. కళ్ళు మూసుకుంటే అదే కనిపిస్తోంది. తల తోక కలిసింది, ఇంక ఈ ఇంటికి మంచి జరగదని నా మనసులో అనుకున్నాను. అలా అనుకుంటూనే పడిపోయేను."

దుర్గాప్రసాద్ గొంతు సవరించుకుని, అంత కంగారులో పొరపాటు పడి ఉండొచ్చేమో అన్నాడు. పార్వతమ్మగారు అతని వైపు చూసిన చూపు నేను జన్మలో మరిచిపోను.

"నేను చూసింది చెప్పేను బాబూ. చూడనిది చెప్పమంటే నావల్ల కాదు. నిన్న నువ్వు పాము అని రాసుకుని లేచిపోయేవు. తల ఎక్కడ, తోక ఎక్కడ అని అడిగేవా?"

అతను అడగలేదు. చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆనందం వేసిందని ఒప్పుకోవడానికి సిగ్గెందుకు? చాలా ఆనందం వేసింది.

షెడ్డు తాళం తీయించాను. ఒలిచిన కాయల రాశి ఒక పక్క, లోపల ఎండిన కురిడీ కాయల గోనెసంచులు ఒక పక్క. నారాయణమూర్తిగారు కూర్చున్న కుర్చీ నుంచి పెరటి గుమ్మం నాలుగడుగులు. హంతకుడు వచ్చిందీ, పోయిందీ అటే. ఆ గుమ్మం పక్క గోడకి హత్యకి కొద్ది రోజుల ముందే కొత్తగా వెల్ల వేశారు. మోచెయ్యి ఎత్తున, తెల్లటి సున్నం మీద అరచేతి వెడల్పున ఒక మరక ఉంది. నల్లగా, అంచుల దగ్గర గోధుమ రంగుగా. దగ్గరికి వెళ్ళి చూస్తే అందులో పొలుసులున్నాయి.

"మోటారు గ్రీజు. మా వాళ్ళు చూసేరు" అన్నాడు దుర్గాప్రసాద్.

జేబురుమాలు తడిపి గట్టిగా రుద్దాను. గ్రీజయితే నూనె జిడ్డులా పాకి గుడ్డకి అంటుకోవాలి. ఇది సున్నంలోకి ఇంకిపోయింది, కదల్లేదు. చర్మంలో పొడిచిన పచ్చబొట్టు గోడకి అంటదు. చెమటకి తడిసి గోడకి అంటుకుందంటే అది పూసుకున్న రంగు.

"ఎవరో చేతి మీద నాగుపాముని వేసుకుని వచ్చేరు, ఎస్సైగారూ. వీరబాబు పచ్చబొట్టుని పైనుంచి చూసినవాడు. లోపలి ఖాళీ సంగతి తెలియనివాడు."

అతను కాసేపు గోడకేసి చూశాడు. పోలీసు బుర్రలో కూడా ఏదో కదిలిందనుకుంటాను. కానీ మనిషికి పంతం ఎక్కువ.

"రంగే అనుకోండి. ఈపాటికి కడిగేసుకుని ఉంటాడు. గోడ మీద మరకని కోర్టు బోనులో నిలబెడతారా? రేపటికి నాకు ఆ చెయ్యి కావాలి, తాయారుగారూ. చెయ్యి తెస్తే వీరబాబుని నా చేతుల్తో ఇంటి దగ్గర దింపుతాను. లేదంటే ఆ బోర్డు దింపేసి మిషను కుట్టుకోండి."

"ఇంటి దగ్గర కాదు, బజార్లో దింపండి" అని నేనూ అన్నాను. అతను మోటార్ సైకిల్ ఎక్కి వెళ్ళిపోయాడు.

పంతం అంటే వేశాను గానీ, షెడ్డు మెట్టు మీద కూర్చున్నాక నాకూ కాస్త గుబులు పుట్టింది. సత్యదుర్గ నా ఎదురుగా నిలబడి ఉంది. ఏం ఆలోచిస్తున్నారని ఆవిడ అడగలేదు. అడగకపోతేనే నాకు చెప్పాలనిపిస్తుంది.

ఆ ముందు వేసవిలో రాజోలు వైపు పెళ్ళింట ఒక కేసు చేశాను. పెళ్ళికూతురి చేతులు రెండూ పొక్కిపోయాయి. మగపెళ్ళివారి ఆడపడుచు గోరింటాకులో యాసిడ్ కలిపిందని గొడవ, పెళ్ళి ఆగిపోయే పరిస్థితి. తీరా చూస్తే యాసిడ్ లేదు, ఆడపడుచూ లేదు. గోరింటాకు ఏనాడూ నల్లగా పండదు, ఎర్రగానే పండుతుంది. ఆ పిల్ల మోజుపడి పెట్టించుకున్నది నల్ల మెహందీ. అంటే జుట్టుకి వేసుకునే నల్ల రంగు పొడి కలిపినది. గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి పెట్టెలోనూ ఒక పొట్లం ఉంటుంది. కొందరి ఒంటికి అది పడదు. వెంటనే తెలియదు. మొదటిసారయితే వారం పైచిలుకు పట్టొచ్చు, ఇదివరకే తలకో మీసానికో వేసుకుని ఉంటే ఒకటి రెండు రోజులు చాలు. రంగు ఎక్కడెక్కడ తగిలిందో అక్కడే, గీత తప్పకుండా పొక్కులు లేస్తాయి. రంగు వెలిసిపోయినా బొమ్మ పోదు. ఆ పెళ్ళికూతురి అరచేతిలో నెమలి, రంగు పోయాక కూడా, పొక్కులతో పురి విప్పి ఉండడం నేను కళ్ళారా చూశాను. కాకినాడ చర్మం డాక్టరుగారు ఇదంతా విడమరిచి చెప్పారు. ఆ పెళ్ళి జరిగింది, నాకు పట్టుచీర పెట్టారు.

"అంటే ఆ దొంగవెధవ చేతికీ పొక్కి ఉంటుందంటారా?" అంది సత్యదుర్గ.

"అందరికీ పొక్కదు. మన అదృష్టం బాగుంటే పొక్కి ఉంటుంది."

సెల్ తీసి అమలాపురంలో, కొత్తపేటలో నాకు తెలిసిన డాక్టర్లకి ఫోన్ చేశాను. చేతి మీద అలాంటి పొక్కులతో ఎవరూ రాలేదన్నారు. మందుల షాపుల్లోనూ అదే జవాబు. సత్యదుర్గ మొహం వాడిపోయింది. అప్పుడు నన్ను నేనే తిట్టుకున్నాను. నేను పట్నం దొంగని వెతుకుతున్నాను. వీడు మనవాడు. మనవాడి చేతి మీద పొక్కులు పాములా లేచి, చుట్టూ తిరిగి, తల తోక కలిస్తే వాడు రంగు పడలేదనుకుంటాడా? ఎన్నటికీ అనుకోడు. సర్పి అనుకుంటాడు. హత్య మాట మరిచిపోయి, ప్రాణాలరచేత పట్టుకుని పరిగెడతాడు. సర్పికి మా వైపు ఎవరూ డాక్టరు దగ్గరికి వెళ్ళరు. కుమ్మరి వాళ్ళ దగ్గరికి వెళతారు. వాళ్ళు ఎర్రటి జేగురు మట్టితో పొక్కుల చుట్టూ సింహం బొమ్మలు గీస్తారు. సింహాన్ని చూసి పాము ఆగిపోతుందని నమ్మకం.

"సర్పికి సింహాలు గీసేవాళ్ళు ఇక్కడ ఎవరున్నారు?"

"అప్పాయమ్మ గారేనండి. మా అత్తగారికి గీసింది ఆవిడే. కాలవ అవతల" అంది సత్యదుర్గ.

ఆటో దగ్గరికి వచ్చి కాలవ అవతలకి పోనిమ్మన్నాను. నాగసతీష్ ఆ రోడ్డు బాగోలేదన్నాడు. పర్వాలేదన్నాను. పెట్రోలు లేదేమో అన్నాడు. వాళ్ళక్క విసుక్కుంటే అప్పుడు కదిలించాడు. ఇల్లు ఇంకా కొంత దూరం ఉండగానే గట్టు మీద ఆపేసి, ఇక్కణ్ణించి మీరు నడవాలి అన్నాడు. దారి బాగానే ఉంది, ఎద్దుబండి కూడా పోతోంది. తెల్లవారింది మొదలు తిరుగుతున్న కుర్రాడు, బడలికలే అనుకున్నాను. అంత గొప్ప డిటెక్టివుని, అంతకుమించి ఆలోచించలేదు.

అప్పాయమ్మ వాకిట్లో కుండలు ఎండకి తిప్పి పెడుతోంది. డెబ్భై దాటినా నడుం వంగని మనిషి. సర్పి పేరెత్తగానే కొంగుతో చేతులు తుడుచుకుని, ఎవరికమ్మా అంటూ దగ్గరికి వచ్చింది. మాకెవరికీ కాదని చెప్పి, ఈమధ్య చేతికి వచ్చినవాళ్ళెవరైనా వచ్చారా అని అడిగాను.

"వచ్చేడండి ఒకాయన, మొన్న మంగళారం. ఇన్నేళ్ళు గీసేను గానీ అలాంటి సర్పి చూళ్ళేదు. పొలుసులు పొలుసులుగా, ఎవరో అచ్చు గుద్దినట్టు ఉందమ్మా. తలా తోకా కలిసిపోయేయి. నా కాళ్ళు పట్టుకుని ఏడ్చేసేడు. నాలుగు సింహాలు గీసేను, నాలుగు దిక్కులా. మా మావగారు నేర్పిన చెయ్యి ఇది, ఊరికే పోదు. ఆగిపోయింది చూడండి."

పేరు అడిగాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. వచ్చినవాళ్ళ పేరు బయటపెడితే చేతిలో గుణం పోతుందట. ఒక నిర్దోషి జైలుకి పోతాడని చెప్పాను. ఆ నిర్దోషి భార్య ఈమే అని చూపించాను. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది గానీ పేరు చెప్పలేదు. కోపం రావలసింది, రాలేదు. తన పని మీద అంత పట్టు ఉన్న మనిషిని కోప్పడడం నాకు చేతకాదు. ఇంక పోలీసుల చేతే అడిగించాలని లేచాను.

మమ్మల్ని సాగనంపడానికి అప్పాయమ్మ గట్టు దాకా వచ్చింది. ఆటో చూసింది. అందులో ఉన్న మనిషిని చూసి, అభిమానంగా అడిగింది.

"ఏం బాబూ, తగ్గిందా? ఇక్కడిదాకా వచ్చి అక్కడే కూచుండిపోయేవేం? ఏదీ, చెయ్యి చూపించు."

నాగసతీష్ కదల్లేదు. ఆ ఉక్కలో ముంజేతి దాకా గుండీ పెట్టిన పొడుగు చేతుల చొక్కాతో, హ్యాండిల్ పట్టుకుని ముందుకే చూస్తున్నాడు. సీటు పక్కన బొండాలు కొట్టే కత్తి ఉంది. నేను ఒకడుగు ముందుకు వేసి, ఆగిపోయాను. సత్యదుర్గ నన్ను చేత్తో పక్కకి జరిపింది.

ఆవిడ నేరుగా తమ్ముడి దగ్గరికి వెళ్ళింది. కత్తి తీసి కాలవలోకి విసిరేసింది. కుడిచేతి గుండీ తనే విప్పి, చిన్నపిల్లాడికి అన్నానికి ముందు మడిచినట్టు, చొక్కా చెయ్యి మోచెయ్యి దాకా మడిచింది. నల్లరంగు జాడ లేదు. పాము ఉంది. ఎండుతున్న పొక్కులతో, పొలుసు పొలుసుగా, తోకని నోట కరుచుకుని. దాని చుట్టూ వెలిసిపోయిన ఎర్రటి సింహాలు నాలుగు.

అతనే చెప్పడం మొదలుపెట్టాడు. ఆటోలో తెచ్చిన కురిడీల బస్తా దించడంలో తేడా వచ్చిందని నారాయణమూర్తిగారు అతన్ని కూలీలందరి ముందూ చెప్పుతో కొట్టారట. కూలీలు నవ్వారట. ఆ నవ్వు చెవుల్లోంచి పోలేదన్నాడు. ఇంట్లో గోడకి ఉన్న బావ ఫోటో చూసి, బావ తెచ్చిన రంగు పొడితోనే పాముని వేసుకున్నాడు.

"బావని ఇరికిద్దామని కాదక్కా. ఎవరన్నా చూస్తే ఆ చెయ్యి నాది కాకూడదనుకున్నాను. బావ ఎలాగూ ఎల్లుండికి ఫ్లైటెక్కేస్తాడు, కువైట్ దాకా ఎవరెళ్తారులే అనుకున్నాను. పెద్దాయన దినాలకని ఆగిపోతాడని నాకేం తెలుసు?"

సత్యదుర్గ కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలాగే కారుతున్నాయి. నేను కేసు గెలిచాను. దుర్గాప్రసాద్ మొహం ఎలా మాడిపోతుందో ఊహించుకుని పొంగిపోవలసిన క్షణం అది. నాకు మాత్రం ఆవిడ మొహం తప్ప ఇంకేమీ కనపడలేదు. ఇంత మనిషి నా గుమ్మం ఎక్కి వచ్చిందని గర్వపడ్డాను.

"జరుగు" అని తమ్ముడి పక్కన, డ్రైవరు సీటు మీదే కూర్చుంది. నేను వెనక ఎక్కాను. అతను ఆటో స్టార్ట్ చేసి, అలవాటుగా చొక్కా చెయ్యి కిందికి లాక్కోబోయాడు. ఆవిడ ఆ చేతిని పట్టుకుంది.

"దించకు. పొద్దున్న మీ బావకి బేడీలేసి బజారు మీంచి నడిపించేరు. జనం అరుగులెక్కి చూసేరు. ఇప్పుడూ చూడనీ. స్టేషన్‌కి బజారు మీంచే పోనీ."

"అమ్మ కూడా బజార్లో ఉంటదక్కా, ఇవాళ సంత" అన్నాడు అతను.

"తెలుసు. పోనీ" అంది సత్యదుర్గ.